చూడలేదు, కనబడలేదు

ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర ముంబయి రహదారి వదిలి లోపలికి తిరిగితే పాశమైలారం పారిశ్రామికవాడ వస్తుంది. ఏదైనా కాలిపోయినప్పుడు తప్ప ఈ పేరు బయటివారి చెవిన పడదు. 2025 జూన్ 30న సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయినప్పుడు కొన్నాళ్ళు అందరూ ఈ పేరు పలికారు, తర్వాత మరిచిపోయారు. నేనీ టపాలో రాయబోయేది చప్పుడు లేకుండా జరిగే మరొక సంగతి. చప్పుడు లేదనడం కూడా సరికాదు. చప్పుడుంది, వినేవారే లేరు.

నేను ఈ వాడలోనే ఒక మందుల పరిశ్రమలో, నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. వైద్యుణ్ణి కాను. పరీక్షించడం, వచ్చిన అంకె రాయడం, కింద సంతకం పెట్టడం, ఇదే నా వృత్తి. ఆ వృత్తి నేర్పిన ఒకే ఒక్క నియమం చేతబట్టుకుని ఒక వైద్య విషయం మీద వాదనకు దిగుతున్నాను. పొరపాట్లుంటే వైద్యమిత్రులు మొహమాటపడకుండా దిద్దవలసిందిగా మనవి.

ఆ నియమం ఇది. మందులో ఫలానా మలినం ఉందేమోనని వెదికి, దొరకకపోతే 'కనబడలేదు' అని రాస్తాం. వెదకనేలేదనుకోండి, ఆ గడి ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉండవలసిన గడిలో 'కనబడలేదు' అని రాసినవాడు మా లోకంలో దొంగ. అమెరికానుంచి వచ్చే తనిఖీ అధికారి కంట అలాంటి గడి ఒక్కటి పడితే చాలు, కంపెనీ సరుకు రేవుల్లో ఆగిపోవచ్చు. అందుకే 'చూడలేదు' అన్నమాటకూ 'కనబడలేదు' అన్నమాటకూ మధ్యనున్న దూరం మా కుర్రాళ్ళకు చేరిన మొదటి వారంలోనే బోధిస్తాం.

ఇక అసలు విషయానికి వస్తాను. గుండెలోంచి శరీరానికి నెత్తురు వెళ్ళే ప్రధాన ద్వారానికి మూడు రెక్కల తలుపొకటి ఉంది. పుస్తకాల్లో బృహద్ధమని కవాటమంటారు, ఆసుపత్రుల్లో అయోర్టిక్ వాల్వంటారు. రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. బాగా తెరుచుకున్నప్పుడు దాని వైశాల్యం మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లుంటుంది. రెక్కలు బిరుసెక్కి, సున్నం పేరుకుని, అది ఒక చదరపు సెంటీమీటరుకన్నా తగ్గిపోతే తీవ్రమైన కవాట సంకోచమని లెక్క. వృద్ధులకు వయసువల్ల వస్తుంది. నూటికి ఒకరిద్దరు మూడు రెక్కలకు బదులు రెండు రెక్కలతోనే పుడతారు. వారికి నడివయసులోనే రావచ్చు. చిన్నతనంలో గొంతునొప్పి వెనకాల వచ్చే కీళ్ళవాత జ్వరంవల్ల కవాటాలు చెడిపోయినవారు మన దేశంలో ఇంకా ఉన్నారు. ఈ సంకోచానికి మందు లేదు. కొలెస్ట్రాలు తగ్గించే మాత్రలు దీన్ని ఆపుతాయేమోనని ఆశపడ్డారు. 2008లో వెలువడిన 'సీస్' అధ్యయనం ఆ ఆశను తుడిచేసింది. తలుపు మార్చడమొక్కటే దారి.

ఎప్పుడు మార్చాలన్నది పాత తగువు. 1968లో రాస్, బ్రాన్‌వాల్డ్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు రాసిన వ్యాసం అరశతాబ్దంపాటు శాసనంలా నడిచింది. ఈ రోగి ఏళ్ళ తరబడి ఏ బాధా లేకుండా తిరుగుతాడు, గుండెనొప్పో, స్పృహ తప్పడమో, ఆయాసమో మొదలైందంటే మాత్రం ఆపైన మిగిలేది సగటున అయిదేళ్ళో, మూడేళ్ళో, రెండేళ్ళో అని దాని సారాంశం. అంచేత బాధ మొదలైన వెంటనే ఆపరేషను చేయాలి, మొదలుకాకముందు ఆగాలి అని సూత్రం పుట్టింది. ఛాతీ చీల్చి చేసే పెద్ద ఆపరేషను కనుక ఆ వెనకాడడంలో న్యాయముంది.

2002 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని రువాఁ నగరంలో అలాఁ క్రిబియే అనే వైద్యుడు ఛాతీ చీల్చకుండా, తొడదగ్గరి రక్తనాళం గుండా కొత్త కవాటాన్ని గుండెకు చేర్చాడు. 2010లో వచ్చిన 'పార్ట్‌నర్' అధ్యయనంలో, ఆపరేషనుకు పనికిరారని వదిలేసిన వృద్ధులలో మామూలు వైద్యంతో ఏడాదిలో నూటికి యాభైమంది చనిపోతే, ఈ పద్ధతిలో ముప్పైమంది చనిపోయారు. పద్ధతి సులువైనకొద్దీ పాత ప్రశ్న మళ్ళీ లేచింది: బాధ మొదలయ్యేదాకా ఆగడం ఎందుకు?

2024 అక్టోబరులో వెలువడిన 'ఎర్లీ టావర్' దీనికి జవాబుగా పత్రికల్లో మోగిపోయింది. తీవ్రమైన సంకోచముండీ లక్షణాలు లేని 901 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే కవాటం మార్చారు, రెండో జట్టును కనిపెట్టుకుని ఉన్నారు. సుమారు నాలుగేళ్ళలో మరణమో, పక్షవాతమో, గుండెజబ్బుతో అనుకోకుండా ఆసుపత్రి పాలుకావడమో మొదటి జట్టులో నూటికి 26.8 మందికి, రెండో జట్టులో 45.3 మందికి జరిగింది. నా వృత్తిదోషంకొద్దీ ఆ మూడింటినీ విడదీసి చూశాను. మరణాలు 8.4, 9.2. దాదాపు సమానం. తేడా ఎక్కువగా ఆసుపత్రిలో చేరడంలోనే ఉంది. ఈ అధ్యయనానికి డబ్బు పెట్టింది ఆ కవాటం తయారుచేసే కంపెనీ అన్నదీ గుర్తుంచుకోవాలి. బ్రిటనులో 224 మందితో జరిగిన 'ఎవాల్వ్‌డ్' అధ్యయనంలో స్పష్టమైన తేడా తేలలేదు. అయితే ఆగిన జట్టుకు ఏం జరిగిందో కూడా చూడండి. 'ఎర్లీ టావర్'లో ఆగినవారిలో నూటికి 87 మందికి ఆ కాలంలోనే కవాటం మార్చవలసి వచ్చింది.

మనకు మరింత దగ్గరి లెక్క కొరియాది. 'రికవరీ' అనే ఆ అధ్యయనంలో రోగుల సగటు వయసు 64, సగానికి పైగా రెండు రెక్కల కవాటంతో పుట్టినవారు. మరీ తీవ్రమైన సంకోచముండీ లక్షణాలు లేని 145 మందిలో ముందే ఛాతీ తెరిచి కవాటం మార్చినవారిలో ఆపరేషనువల్లో గుండెజబ్బువల్లో చనిపోయినవారు నూటికి ఒకరు. ఆగినవారిలో 15 మంది. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లక్షణాలు లేనివారికి కూడా తొడదారి కవాటాన్ని అనుమతించింది. మొత్తంమీద గాలి ఒకవైపే వీస్తోంది: బాధకోసం ఆగవద్దు, ముందే చూడండి.

మంచిదే. నేనిందులో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 'లక్షణాలు లేనివారు' అన్నమాట దగ్గర. 'ఎర్లీ టావర్' వాళ్ళు ఆ మాటను రోగి నోటినుంచి తీసుకుని ఊరుకోలేదు. నడవగలిగినవారిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, నిజంగా ఆయాసం లేదని తేల్చుకున్నాకే ఆ గడి నింపారు. నేను మెచ్చుకునే పని అది. ఇప్పుడు ఆ మాటను తెచ్చి పాశమైలారంలో పెట్టి చూద్దాం.

మా అక్క భర్త, అంటే మా బావ, ఈ వాడలో ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. పాతిక కిలోల సంచులు ఇనుప మెట్లమీదుగా పైఅంతస్తుకు మోసి రియాక్టరులో పోయడం ఆయన పని. ట్రెడ్‌మిల్ అంటే మనకు అంతకు మించినది ఎక్కడుంది? రెండేళ్ళపాటు ఆయన మెట్టుమెట్టుకూ ఆగి ఎక్కాడని తర్వాత తెలిసింది. మేమడిగితే, "ఏం లేదు బామ్మర్దీ, జర దమ్మొస్తది, గంతే. వయసైతలేదా?" అనేవాడు. అప్పటికాయనకు నలభైనాలుగేళ్ళు. ఊరి డాక్టరు గ్యాసుకు గోళీలిచ్చాడు, ఇంకొకాయన ఉబ్బసమని పీల్చే మందిచ్చాడు. 2022 వేసవిలో ఒక రాత్రి డ్యూటీలో మెట్లమీద స్పృహ తప్పి పడ్డాడు. నిద్ర చాలక పడ్డాడని రాసుకున్నారు.

హైదరాబాదులో ఆసుపత్రికి తీసుకుపోయాం. పెద్ద డాక్టరు చొక్కా విప్పించి, రొమ్ముకు కుడివైపు పైన స్టెతస్కోపు ఆనించి, ఒక్క నిమిషం విని, నన్ను పిలిచి చెవులకు పెట్టాడు. రంపంతో మొద్దు కోస్తున్నట్టు గరగరమంటూ వినబడింది. మెడమీద పెట్టినా అదే చప్పుడు. వైద్యంలో ఓనమాలు రాని నాకు వినబడిందది. తర్వాత తీసిన ఎకో పరీక్షలో కవాటం వైశాల్యం 0.7 చదరపు సెంటీమీటర్లని తేలింది. రెండు రెక్కల కవాటం. పుట్టుకతో వచ్చింది, ఏళ్ళుగా మూసుకుపోతూ వచ్చింది.

ఇంటికొచ్చి అక్క ట్రంకుపెట్టెలోంచి పాత కాగితాలు తీశాను. ఆరేళ్ళ ఆరోగ్య పరీక్షల పత్రాలు, ఏడాదికొకటి. ఆరింటిలోనూ 'గుండె: సాధారణం' అని ఉంది. కింద సంతకం, ముద్ర. "బావా, చెవిగొట్టం పెట్టిండ్రా?" అనడిగాను. "చొక్కా గుండీ ఇప్పలే బామ్మర్దీ. ఎత్తు, బరువు, కండ్లు. లైన్ల నిలబెట్టి దస్కతు చేసిండ్రు" అన్నాడు.

మా ప్రయోగశాలలో మాత్రల తొట్టికి దక్కే నిజాయితీ ఆ మాత్రలు చేసే మనిషి గుండెకు దక్కలేదు. చూడనిదాన్ని 'కనబడలేదు' అని ఆరుసార్లు రాశారు. ఇక మా బావ 'లక్షణాలు లేని రోగి' ఎలా అయ్యాడో చూడండి. లక్షణం ఆయనకుంది. చెప్పుకుంటే మర్నాడు గేటు దగ్గర ఆపేస్తారన్న భయమూ ఉంది. వైద్యగ్రంథంలో ఆ మాటకు అర్థం గుండెను బట్టి ఉంటుంది, పాశమైలారంలో కూలిని బట్టి ఉంటుంది.

ఈ వాడకు ఈ రోగం కొత్తది కాదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికర్మాగారంనుంచి బయటికి వచ్చే నీటిలో ఏముందో చాలాకాలం ఎవరూ వెదకలేదు. వెదకలేదు కనుక 'లేదు' అన్నారు. 2007లో స్వీడనుకు చెందిన జోకిమ్ లార్సన్ బృందం వెదికితే, సుమారు తొంభై మందుల పరిశ్రమల వ్యర్థాలు చేరే ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా సిప్రోఫ్లోక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న మనిషి నెత్తుటిలో ఉండేదానికన్నా ఎక్కువ. అంతకు ఎంతోముందునుంచే పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు గారు ఈ ఊళ్ళ మనుషుల్ని పరీక్షించి, చూసిందే చెబుతూ వచ్చారు. నీళ్ళకూ మా బావ కవాటానికీ సంబంధముందని నేననడం లేదు. పుట్టుకతో వచ్చిన లోపానికి కర్మాగారాన్ని నిందించడం అన్యాయం. చూడకుండా లేదనే అలవాటు మాత్రం రెంటిలోనూ ఒకటే.

చట్టం లేకకాదు. భోపాల్ ఘోరం తర్వాత 1987లో కర్మాగారాల చట్టానికి 41-సి సెక్షను చేర్చారు. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే ప్రతివారినీ పనిలో పెట్టేముందు, తర్వాత పన్నెండు నెలలకు మించకుండా వైద్యపరీక్ష చేయించాలని అందులో ఉంది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలోకి వచ్చిన కొత్త కోడులోనూ ఉచిత వార్షిక ఆరోగ్య పరీక్ష మాట ఉంది. చేయవలసింది పరీక్ష అయితే, చేస్తున్నది పరీక్ష జరిగినట్టు కాగితం.

ఈ సంగతి మాట్లాడినప్పుడు నాకెదురైన అభ్యంతరాలు రెండు. మొదటిది ఒక వైద్యమిత్రుడిది. స్టెతస్కోపు అన్నింటినీ పట్టలేదు, చప్పుడు మెత్తగా ఉండే తీవ్ర సంకోచాలూ ఉన్నాయి, ఏమీకాని చప్పుళ్ళూ ఉన్నాయి అన్నాడు. ఒప్పుకుంటాను. మా ప్రయోగశాలలోనూ లోపంలేని యంత్రం ఒక్కటీ లేదు. యంత్రానికి లోపముందని పరీక్ష మానేసి సంతకం పెట్టం. అనుమానం వచ్చినచోట రెండో యంత్రం వాడతాం. ఇక్కడ ఆ రెండోది ఎకో. లైనెక్ మహాశయుడు 1816లో కనిపెట్టిన గొట్టాన్ని రెండువందలేళ్ళ తర్వాత కూడా కార్మికుడి ఛాతీదాకా తేలేకపోయినవాళ్ళం, దాని లోపాలు ఎంచే అర్హత మనకింకా రాలేదు.

రెండో అభ్యంతరం మా బావదే. దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. "చూడకుంటె మంచిదే అయింది. చూస్తె ఆరేండ్ల జీతం పోతుండె. నీ అక్కకు ఇల్లు పడకపోతుండె" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ ఆరేళ్ళ జీతంతోనే రెండు గదులు వేసుకున్నారు, పిల్లను చదివించారు. జబ్బు బయటపెట్టడం శిక్షగా మారినచోట, జబ్బు దాచడం తెలివే అవుతుంది. కనుక ఉత్తి 'పరీక్షించండి' అని కేకవేసే నాబోటివాళ్ళు సగం మాటే చెబుతున్నట్టు. పరీక్షలో దొరికినవాణ్ణి బయటికి నెట్టకుండా, బరువు లేని పనికి మార్చి, చికిత్స అయ్యేదాకా జీతం నిలిపే పూచీ లేనిదే ఏ కార్మికుడూ నిజం చెప్పడు. చెప్పమని అడిగే హక్కు కూడా మనకుండదు.

ఆపరేషను ఆరోగ్యశ్రీ కింద జరిగింది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఇ.ఎస్.ఐ. నంబరు మారుతూ, చివరి కాంట్రాక్టరు చందా కట్టనే కట్టక, ఆయనకా కార్డు పనికిరాలేదు. ఆరోగ్యశ్రీని చులకన చేసేవారితో నేను ఏకీభవించను. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆ పథకం లేకపోతే మా బావ ఈపాటికి ఉండేవాడు కాదు. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి అయిదునుంచి పదిలక్షలయింది, సంతోషమే. ఆయనకు వేసింది లోహపు కవాటం. ఆ వయసుకు అదే సబబు, జంతుకణజాలంతో చేసినవైతే పది పదిహేనేళ్ళకు అరిగిపోతాయి. లోహపు కవాటం చవగ్గా మన పేదలకు అందాలనే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో వలియత్తాన్ గారి బృందం ఏళ్ళకేళ్ళు కష్టపడి సొంత కవాటం తయారుచేసింది. 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు, ఇప్పటికి లక్షకు పైగా గుండెల్లో ఉంది.

లోహపు కవాటం మీద నెత్తురు గడ్డకట్టకుండా బతికినంతకాలం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అంచేత ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తరచూ చేయించుకుంటూ ఆ అంకెను రెండుకూ మూడుకూ మధ్య నిలపాలి. పప్పులో ఆకుకూర ఒక వారం ఎక్కువై, మరో వారం లేకపోయినా ఆ అంకె కదులుతుంది. పరీక్ష అక్కరలేని కొత్తమందులు దీనికి పనికిరావని 2012లో డాబిగాట్రాన్‌తో, 2022లో అపిక్సాబాన్‌తో జరిగిన అధ్యయనాలు మధ్యలోనే ఆగిపోయి తేల్చాయి. అంటే ఈ పాత మాత్ర, ఈ పరీక్ష తప్ప వేరే గతి లేదు. ఈ మనిషి పరీక్షకోసం పనిమాని నగరానికి పోవాలి. పరీక్ష ఖరీదుకన్నా పోయిన రోజుకూలీ ఎక్కువ. ఆరోగ్యశ్రీలో ఎంపిక చేసిన చికిత్సల తర్వాత ఏడాదిపాటు మందులూ పరీక్షలూ చూసే ఏర్పాటు ఉంది. కవాటం ఏడాదితో ఊరుకోదు. మొదటి ఏడు నెలకోసారి పోయిన బావ, తర్వాత మూడునెలలకు, ఆ తర్వాత 'ఒళ్ళు బాగనే ఉంది' అనే మాటకు దిగాడు. ఆయన గడి మళ్ళీ చూడకుండానే నిండుతోంది.

విదేశీ అధ్యయనాల్లో ఫలితమంటే అయిదేళ్ళకో పదేళ్ళకో ఎవరున్నారు, ఎలా ఉన్నారు అన్న లెక్క. మన దగ్గర ఫలితమంటే డిశ్చార్జి రోజున శాలువాతో తీసిన ఫొటో. కవాటం వేయించుకున్న ప్రతిమనిషినీ అయిదేళ్ళ తర్వాత వెదికి, ఉన్నాడో లేడో, అంకె ఎంతుందో రాసే పుస్తకం పెట్టనంతకాలం, మన ఆపరేషన్లు జయప్రదమయ్యాయనడం నా వృత్తిభాషలో పరీక్షించని సరుకును పంపడం.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. ఏటా జరిగే పరీక్షలో వైద్యుడు ఛాతీమీద స్టెతస్కోపు పెట్టి, విన్నది తన మాటల్లో రాయాలి, వినకపోతే 'చూడలేదు' అని రాయాలి. కాంట్రాక్టు కార్మికుడికీ అదే వరుస. చప్పుడు వినబడితే ఎకో తీయించాలి, జబ్బు తేలినవాడి పని పోకూడదు. ఐ.ఎన్.ఆర్. పరీక్ష వేలిమీద చుక్క నెత్తురుతో చేసే చిన్న యంత్రంతో వాడలోనే, డ్యూటీ దిగే వేళకు దొరకాలి. తొడదారి కవాటాలు, పది లక్షలు దాటే ఖర్చులు, అవన్నీ తర్వాతి మాట.

మా బావ ఇప్పుడు బరువులు మొయ్యడు. వేరే కర్మాగారం గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. రాత్రిపూట సద్దుమణిగాక పక్కన కూర్చుంటే ఆయన ఛాతీలో గడియారంలా టిక్కుటిక్కుమనడం స్టెతస్కోపు లేకుండానే వినబడుతుంది. రొమ్ముమధ్య జానెడు పొడుగు మచ్చ ఉంది. కొత్త పనిలో చేరేముందు ఆయనకూ వైద్యపరీక్ష జరిగింది. ఆ కాగితం నాకు తెచ్చి చూపించాడు. కళ్ళు, ఎత్తు, బరువు, అన్నీ ఉన్నాయి. గుండె అన్నచోట 'సాధారణం' అని ఉంది.